మళ్ళీ రమ్మనే వైద్యం

గుమ్మం దగ్గరే నిలబడిపోయిన పెద్దలారా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మానసిక వ్యాధుల సభలో ముందు కూర్చుంటే ఎవరేమనుకుంటారోనని సంకోచమైతే, నేను మీ అందరికంటే ముందు నిలబడ్డాను చూడండి.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డాక్టరు పూర్తి పేరు, డిగ్రీ ఆహ్వాన పత్రిక మీద వేశారు. ఈ ఊళ్ళో మాత్రం ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. కంటి డాక్టరు, పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు అంటూ మిగతా అందరికీ ఏదో ఒక విశేషణం ఉండేది. ఉత్త ‘డాక్టరు గారు’ అంటే ఆయనే. కాబట్టి ఈ గంటసేపు నేనూ అలాగే అంటాను.

ఆయన మానసిక వైద్యులు కారు. ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ బల్ల వేసుకుని, జ్వరాలకీ గాయాలకీ మందిచ్చిన మనిషి. ఆయన పేరున జరిగే ఉపన్యాసానికి ఒక సైకియాట్రిస్టును ఎందుకు పిలిచారని కొందరు మిత్రులు అడిగారట. దానికి నా దగ్గర జవాబుంది. ఆయన నా దగ్గరికి పంపిన రోగులు చాలా తక్కువ. ఆ వచ్చినవాళ్ళు నిజంగా నా అవసరం ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళను ఆయనే బాగు చేసుకునేవారు. రోగితో పంపే చీటీ అరకాగితం దాటేది కాదు: హిమోగ్లోబిన్ ఇంత, థైరాయిడ్ మామూలు, షుగర్ లేదు, నాలుగుసార్లు కూర్చోబెట్టి మాట్లాడాను, నిద్ర కొంచెం మెరుగైంది, చనిపోవాలన్న ఆలోచన మాత్రం పోవడం లేదు, మీరు చూడండి. ఏయే పరీక్షలు చేయించారో రాసే డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఎన్నిసార్లు మాట్లాడారో రాసిన జనరల్ ప్రాక్టీషనర్ నాకు మరొకరు తగల్లేదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక రుగ్మతలకు పనిచేసే వైద్యం మన దగ్గర ఉంది. అది కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. కానీ అది పనిచెయ్యాలంటే రోగి మళ్ళీ మళ్ళీ రావాలి. మన ఆసుపత్రుల ఏర్పాటంతా ఒక్కసారి వచ్చి వెళ్ళిపోయే రోగి కోసం జరిగింది. చిక్కంతా అక్కడే ఉంది. దీన్ని మెట్టుమెట్టుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1. దేని గురించి మాట్లాడుతున్నాం

మానసిక రోగం అనగానే మనవాళ్ళకు హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు గుర్తొస్తాయి. సినిమాల్లో హాస్యానికి వాడుకున్నది ఆ రెండు పేర్లనే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్ర వ్యాధులకు ఆ ఆసుపత్రులు కావాలి. వాటి గురించి మరో సభలో మాట్లాడుకుందాం. ఇవాళ్టి విషయం వేరు. ఉద్యోగం చేస్తూ, వంట చేస్తూ, పొలం వెళ్తూ, పెళ్ళిళ్ళకు హాజరవుతూనే లోపల నలిగిపోయే రోగులు వీళ్ళు. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ వదలని దిగులు, దేనిమీదా మనసు పోకపోవడం ఒక రకం. ఎప్పుడూ ఏదో జరగబోతోందన్న బెంగ రెండో రకం. కూర్చున్నపళంగా గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతుందనిపించే పానిక్ ఇంకో రకం. నలుగురిలోకి వెళ్ళాలంటే భయం, బస్సెక్కాలంటే భయం, కడిగిన చేతులే మళ్ళీ కడగాల్సి రావడం, ఇవన్నీ ఈ కుటుంబంలోవే.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. వందమంది పెద్దల్లో పదిమందికి పైగా ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. డిప్రెషన్, ఆందోళన లాంటివి ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా ఏ చికిత్సా అందడం లేదనీ తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండింటిలో లేవు. కాబట్టి ఆ అంకెను తెచ్చి మన జిల్లాకు అంటించను. అయితే మనం అంతకంటే బాగున్నామని అనుకోవడానికి నాకు కారణమేదీ కనపడదు.

2. శరీరం గుమ్మంలోంచి వచ్చే రోగి

ఆ చికిత్స అందని 80 మంది ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నారని మనం అనుకుంటాం. అది నిజం కాదు. వాళ్ళలో చాలామంది డాక్టర్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. ఆ మాటకొస్తే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నారు.

ఒక తల్లిని ఊహించండి. ఇది ఒక మనిషి కథ కాదు, చాలామందిని కలిపి చెబుతున్నాను. నలభై అయిదేళ్ళుంటాయి. కడుపులో గ్యాస్, అది పైకి తన్ని గుండెను పట్టేస్తోంది. తల బరువు. అరికాళ్ళు మంటలు. రాత్రి రెండింటికి మెలకువొస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ముందు ఆర్‌ఎంపీ గారు గ్యాస్ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసం తగ్గలేదంటే ఒక సెలైన్ ఎక్కిస్తారు. తరవాత జిల్లా కేంద్రంలో ఎండోస్కోపీ. ఆ తరవాత ఎవరో చెప్పారని హైదరాబాదు వెళ్ళి ఈసీజీ, టూడీ ఎకో, తలకు స్కానింగ్. చేతిలో ప్లాస్టిక్ సంచి నిండా రిపోర్టులు. అన్నిటి మీదా ఒకటే మాట: నార్మల్. ఆఖరికి పెద్ద డాక్టరు ‘నీకేం లేదమ్మా, అంతా నీ అనుమానం’ అంటారు. భర్త ముఖం చిట్లిస్తాడు. కోడలు నవ్వు దాచుకుంటుంది. ఆమెకు మాత్రం అరికాళ్ళ మంట అలాగే ఉంది.

అది అబద్ధం కాదు, నటన కాదు. డిప్రెషన్‌లో నిద్ర చెడుతుంది, ఆకలి మారుతుంది, నొప్పిని భరించే శక్తి తగ్గుతుంది. ఆందోళనలో కండరాలు రోజంతా బిగుసుకుని ఉంటాయి, పేగుల కదలిక మారుతుంది. ఇవి నిజమైన శారీరక బాధలు. మన వాళ్ళు మనసు బాధను చెప్పుకోలేక ఒంటి మీద వేసుకుంటారని, చదువుకున్నవాళ్ళు దీన్ని మన వెనకబాటుతనం కింద జమకడుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పద్నాలుగు దేశాల్లో సాధారణ క్లినిక్కులకు వచ్చిన రోగుల్ని పరీక్షించింది. మన బెంగళూరు కూడా అందులో ఉంది. ఆ సమాచారంతో 1999లో వెలువడిన పరిశోధనలో, డిప్రెషన్ ఉన్న రోగుల్లో నూటికి 69 మంది డాక్టరుకు చెప్పుకున్నది శరీర బాధల్నే. ఆ లెక్కలో ఐరోపా వాళ్ళూ ఉన్నారు, అమెరికా వాళ్ళూ ఉన్నారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. రోగికీ డాక్టరుకీ ఎడతెగని పరిచయం ఉన్న క్లినిక్కుల్లో ఈ ధోరణి తక్కువ. ప్రతిసారీ కొత్త డాక్టరు ఎదురయ్యే చోట ఎక్కువ. తెలియని మనిషి ముందు ఎవరైనా ముందు కడుపు నొప్పే చెబుతారు కదా.

పానిక్ సంగతి మరీ విడ్డూరం. రాత్రివేళ కుర్రవాడు గుండె పట్టుకుని క్యాజువాల్టీకి వస్తాడు. ఈసీజీ బాగుంటుంది. ఇంటికి పంపిస్తారు. పదిరోజుల్లో మళ్ళీ వస్తాడు. అసలేం జరుగుతోందో ఇంగ్లండు మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో చక్కగా వివరించాడు. ఏ కారణానో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కడం కావచ్చు, కాఫీ కావచ్చు. మనిషి దాన్ని గుండెపోటుకు సూచన అనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఆ వేగం చూసి భయం రెట్టింపవుతుంది. కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దానంతటదే దిగిపోతుంది. ఈ చక్రాన్ని రోగికి కాగితం మీద గీసి చూపించాలి. ‘నీకేం లేదు’ అని పంపిస్తే, ఈ డాక్టరుకు పట్టుకోవడం చేతకాలేదనుకుని ఇంకో డాక్టరును వెతుక్కుంటాడు. అతని వైపు నుంచి చూస్తే ఆ అనుమానంలో తప్పేమీ లేదు.

నర్సింగ్ కాలేజీ అమ్మాయిలూ, ఈ ఒక్కటి రాసుకోండి. నార్మల్ రిపోర్టు వచ్చిన రోజు వైద్యం ముగియదు. ఆ రోజు అడగాల్సిన ప్రశ్నలు రెండు. గత రెండు వారాలుగా దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఇప్పుడు మనసు పోవడం లేదా? ఏ ఒక్కదానికి అవునన్నా, పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం తీయాలి. 2001లో వచ్చింది, తెలుగులోనూ ఉంది, ఖర్చేమీ లేదు. మొత్తం 27 మార్కుల్లో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తగా చూడాలి. రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం, తాగుడు, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇలాంటి లక్షణాలే తెస్తాయి కనుక వాటినీ చూసుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. చాలామంది అది అడగడానికి జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని. అలా పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

అయినా మొదటిసారే అందరూ చెప్పరు. పక్కన అత్తగారు ఉంటుంది. బయట క్యూ ఉంటుంది. రెండోసారి వచ్చినప్పుడు, అదీ ఒంటరిగా వచ్చినప్పుడు, అసలు సంగతి బయటికొస్తుంది. అంటే రోగ నిర్ణయానికే రెండో రాక కావాలి.

3. మాత్రలు, వాటి క్యాలెండరు

డిప్రెషన్‌కు వాడిన మొదటి మందులను కావాలని వెతికి ఎవరూ కనిపెట్టలేదు. 1952లో న్యూయార్కు స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే మందిచ్చి చూశారు. మంచాన పడ్డవాళ్ళు హుషారుగా లేచి తిరిగారు, వార్డులో డాన్సులు చేశారని పత్రికలు రాశాయి. కొన్నాళ్ళకు స్విట్జర్లండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు, స్కిజోఫ్రీనియాకు పనికొస్తుందేమోనని తన చేతికొచ్చిన ఒక మందును రోగులకిచ్చాడు. దానికి పనిచెయ్యలేదు. దిగులుతో ఉన్నవాళ్ళు మాత్రం మూడు నాలుగు వారాల్లో తేరుకున్నారు. 1957లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. అదే ఇమిప్రమిన్. ఇప్పుడు మనం ఎక్కువగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ తరవాతి తరం మందులు. వీటితో ఇబ్బందులు తక్కువ, ధర కూడా సామాన్యుడికి అందేదే.

ఆ ‘మూడు నాలుగు వారాలు’ గమనించారా? మన తెలుగువాళ్ళకు మందు మీద ఉన్న నమ్మకమంతా పారాసెటమాల్ నేర్పింది. వేసుకున్న గంటకు జ్వరం దిగాలి. ఈ మాత్రలు దానికి పూర్తిగా తలకిందులు. మొదటి వారంలో వికారం, తలనొప్పి, ఒక్కోసారి గాబరా కొంచెం పెరగడం కూడా ఉంటుంది. గుణం కనపడేది రెండు నుంచి నాలుగు వారాల తరవాత. ఇబ్బంది ముందొస్తుంది, మేలు వెనకొస్తుంది. ఈ సంగతి చెప్పకుండా చీటీ రాసిచ్చామంటే నాలుగో రోజున ఆ స్ట్రిప్పు అటక మీదికి చేరుతుంది. చెప్పి, వారంలో మళ్ళీ రమ్మంటే చాలామంది గట్టెక్కుతారు. కుర్రవాళ్ళ విషయంలో మొదటి వారాల్లో ఇంకా దగ్గరగా కనిపెట్టి ఉండాలి.

రెండో గండం బాగుపడ్డాక వస్తుంది. ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇంకా మందులెందుకు? అలవాటైపోతాయేమో.’ ఈ మాత్రలకు తాగుడు లాంటి వ్యసనం ఉండదు. కానీ బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. అప్పుడు తిట్టు మందుకు తగులుతుంది.

నిజంగా అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. ఆల్ప్రజొలం, డయజిపామ్, క్లోనజిపామ్. వీటిని జనం నిద్ర మాత్రలంటారు. వేసుకున్న అరగంటకు గుణం కనిపిస్తుంది కనుక మన పారాసెటమాల్ బుద్ధికి ఇవే అసలైన మందుల్లా తోస్తాయి. మొదటి రెండు మూడు వారాలకు కొద్ది మోతాదులో పనికొస్తాయి, కాదనను. ఆ పైన నెలలూ ఏళ్ళూ వాడితే ఒళ్ళు వాటికి లోబడిపోతుంది. దీని విరాట్ రూపం తెలంగాణలో కనపడింది. కల్తీ కల్లులో ఆల్ప్రజొలం లాంటివి కలుపుతారన్నది అక్కడి పల్లెలకు కొత్త సంగతి కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడగానే, వణుకుతూ, ఫిట్స్ వచ్చి, మతి తప్పి జనం ఎర్రగడ్డ ఆసుపత్రికి పోటెత్తారు. అంతమంది ఒంట్లో ఆ మందు ఉందని అప్పుడు బయటపడింది. మాత్ర రూపంలో అది మన ఊరి మందుల పెట్టెల్లోనూ ఉందని మాత్రం మరిచిపోతున్నాం.

4. మాట అంటే ఓదార్పు కాదు

మాటలతో వైద్యం అంటే మనవాళ్ళకు ఒకటే తెలుసు: ధైర్యం చెప్పడం. ‘నీకేం తక్కువ? పిల్లలు సెటిలయ్యారు, ఇల్లు కట్టుకున్నావు, యోగా చెయ్యి, గుడికెళ్ళు.’ ఇందులో ప్రేమ లేదని అనను. కానీ దిగులులో ఉన్న మనిషికి అది ఇంకో నేరారోపణలా వినపడుతుంది. ఇన్ని ఉండీ నేనిలా ఉన్నానంటే తప్పు నాదేనన్నమాట అనుకుంటాడు. గుడికి వెళ్ళేవాళ్ళను ఆపకండి, తాయెత్తు కట్టుకుంటే వెక్కిరించకండి. మందు కూడా వేసుకోమనండి, చాలు.

శాస్త్రీయమైన మాటల వైద్యంలో ఉపన్యాసం ఉండదు. అది హోంవర్కు ఇచ్చే వైద్యం. (ఇవాళ ఉపన్యాసం ఇస్తున్నవాడే ఈ మాట అంటున్నాడని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.) ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు 1960లలో ఒక సంగతి పట్టుకున్నాడు. దిగులులో ఉన్నవాళ్ళకు కొన్ని ఆలోచనలు వాటంతటవే తన్నుకొస్తుంటాయి: నేను పనికిరానివాణ్ణి, ఇక ఏదీ బాగుపడదు. వాటిని తీర్పుగా కాకుండా ఒక అనుమానంగా రాసుకుని, సాక్ష్యం ఎంతుందో రోగి చేతనే వెతికించడం ఆయన పద్ధతి. 2021లో నూరేళ్ళ వయసులో పోయారాయన. ఈ పద్ధతికి చదవడం రాయడం వచ్చి ఉండాలి, కాస్త ఓపిక కావాలి.

ఇంకా సులువైనది మరొకటి ఉంది. మన పల్లెలకు నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. దిగులొచ్చిన మనిషి పనులు మానేస్తాడు. మానేసిన కొద్దీ సంతోషం వచ్చే దారులు మూసుకుపోతాయి. దిగులు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ‘మనసు బాగుపడ్డాక చేస్తాను’ అన్న వరసను తిరగేస్తారు. ముందు చెయ్యాలి, మనసు వెనకాల వస్తుంది. చెయ్యాల్సినవి చాలా చిన్నవి. పొద్దున్న ఆరున్నరకు లేచి ముగ్గు వెయ్యడం. సాయంత్రం చెరువు గట్టు దాకా నడిచి రావడం. మానేసిన భజనకు వారానికి ఒకరోజు వెళ్ళడం. ఏ రోజు ఏం చేశారో, చేశాక మనసెలా ఉందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోవడం. తరవాతి వారం ఆ కాగితం పట్టుకుని రావాలి. చెయ్యలేకపోతే ఎక్కడ ఆగిందో కలిసి చూస్తారు. కాగితం చూసే మనిషి లేకపోతే రెండో వారం అది ఎక్కడుందో కూడా గుర్తుండదు.

భయాలకు వైద్యం ఇంకో రకం. భయపడే మనిషి తప్పించుకుంటాడు. బస్సంటే భయమైతే ఆటో ఎక్కుతాడు, అప్పటికి హాయిగా ఉంటుంది. తప్పించుకోవడమంటే అప్పుకు వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోవడమే, అసలు అణా కూడా తరగదు. అసలు తీర్చాలంటే బస్సెక్కాలి. మొదట ఆగిన బస్సులో కూర్చోవడం, తరవాత ఒక స్టాపు, ఆ తరవాత పక్క ఊరు. ప్రతి మెట్టు దగ్గరా భయం పెరిగి, పెరిగి, తగ్గేదాకా దిగకూడదు. చేతులు పదేపదే కడిగే ఓసీడీలోనూ సూత్రం అదే. తలుపు గొళ్ళెం ముట్టుకుని, కడగకుండా ఆగడం. వినడానికి ఇంతే. చెయ్యడం మాత్రం యమయాతన. పక్కన తెలిసిన మనిషి ఉండి ‘ఇంకో అయిదు నిమిషాలు’ అనాలి. ఓసీడీ రోగుల ఇళ్ళల్లో ప్రేమకొద్దీ జరిగే పొరపాటు ఇక్కడే. బిడ్డ బాధ చూడలేక తల్లి తానే నీళ్ళు పోస్తుంది, గడియ పెట్టానా లేదా అని అడిగినప్పుడల్లా ‘పెట్టావు నాన్నా’ అంటుంది. ఆ జవాబుకు ఆయుష్షు పది నిమిషాలు.

తేలికపాటి డిప్రెషన్‌కు మాటల వైద్యం ఒక్కటే సరిపోవచ్చు. మధ్యస్థంగా ఉంటే మాత్రలైనా మాటలైనా పనిచేస్తాయి. తీవ్రమైతే రెండూ కావాలి. ఏది ఎంచుకున్నా తేదీలు వేసుకుని సాగాల్సిందే.

5. మరి ఎవరు చెయ్యాలి

ఇంతసేపూ విన్నవాళ్ళకు న్యాయమైన ప్రశ్న ఒకటి రావాలి. వారం వారం కూర్చుని కాగితాలు చూసే తీరిక ఏ డాక్టరుకుంది? లేదు. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవాళ్ళూ నగరాల్లో ఉన్నారు, నాతో సహా.

ఈ ఇబ్బంది తెలిసే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టారు. మన సరిహద్దులోని బళ్ళారి జిల్లాలో 1980ల నడుమ నిమ్హాన్స్ వాళ్ళు దాన్ని చేసి చూపించారు. పీహెచ్‌సీ డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే అందించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. గొప్ప పని అది. అయితే ఆ మొదటి రోజుల్లో దృష్టంతా మూర్ఛ మీద, తీవ్ర వ్యాధుల మీద నిలిచింది. గ్యాస్ నొప్పి అంటూ వచ్చే తల్లి ఆ లెక్కలోకి రాలేదు.

ఆమెను లెక్కలోకి తెచ్చినవాళ్ళు తరవాత వచ్చారు. గోవాలో విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్టు, ఆయన మిత్రులు 1996లో సంగత్ అనే సంస్థ పెట్టారు. అక్కడి పది పీహెచ్‌సీల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న దాదాపు అయిదువందల మందితో ఒక ప్రయోగం చేసి 2017లో ప్రకటించారు. సగం మందికి మామూలు వైద్యాన్ని కాస్త మెరుగుపరిచి ఇచ్చారు. మిగతా సగానికి దానితో పాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు, ఇందాక నేను చెప్పిన పనుల కాగితం వైద్యం. ఇచ్చింది డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవాళ్ళు కారు. శిక్షణ పొందిన మామూలు స్థానికులు. మూడు నెలలకు చూస్తే మొదటి గుంపులో నూటికి 39 మంది తేరుకున్నారు, రెండో గుంపులో 64 మంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు మాటల వైద్యాన్ని క్లినిక్కు ఆవరణలో బెంచీలు వేసి బామ్మల చేత చేయించాడు.

మన ఉమ్మడి పశ్చిమ గోదావరి సంగతి మనకే తెలియదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగారు. అవసరమైనవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు ఏం చెప్పారో ట్యాబ్లెట్‌లో చూసి మళ్ళీ ఇంటికి వెళ్ళి ‘మందు వేసుకుంటున్నారా’ అని అడిగారు. ముందు ఊళ్ళో నాటికలు, వీడియోలు వేసి సిగ్గు పోగొట్టారు. అవసరం ఉందని తేలినవాళ్ళలో మానసిక వైద్య సేవలు వాడుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేని స్థితి నుంచి పన్నెండు మందికి పైగా పెరిగారు. ఇక్కడ కూర్చున్న ఆశా అమ్మలకు నేను చెప్పేదేమిటంటే, దీన్ని చేసి చూపించినవాళ్ళు మీలాంటివాళ్ళే. అయితే మీ నెత్తిన ఇప్పటికే ఎన్ని సర్వేలున్నాయో నాకు తెలుసు. డబ్బులివ్వకుండా ఇంకో పని అంటగట్టమని నేను ఏ అధికారికీ సలహా ఇవ్వను.

ఈ ప్రయోగాలన్నిటిలో సమానంగా ఉన్నది చూడండి. పద్ధతులు వేరు, మనుషులు వేరు, దేశాలు వేరు. రోగిని మళ్ళీ మళ్ళీ కలిసే మనిషి మాత్రం అన్నిచోట్లా ఉన్నారు. మన డాక్టరు గారి బల్ల సొరుగులో ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. అందులో అప్పులు రాసుకుంటారని చాలామంది అనుకునేవారు. అందులో ఉన్నది ఫలానా తేదీకి మళ్ళీ రమ్మన్న రోగుల పేర్లు. రాకపోతే సాయంత్రం కాంపౌండరు సైకిలు మీద వెళ్ళి కబురు చెప్పి వచ్చేవాడు. పల్చటి వైద్యం అని దాన్ని తీసిపారెయ్యడానికి లేదు. గోవాలో లెక్కగట్టి చూపించిన ఫలితానికి ఊపిరి అదే.

అందుకే శిబిరాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం పేరుతో ఒక్కరోజు షామియానా వేసి, మూడు వందల మందిని చూసి, పదిహేను రోజుల మందిచ్చి, ఫొటో దిగి వెళ్ళిపోతాం. కంటి శుక్లాలకు శిబిరం చక్కగా సరిపోతుంది. డిప్రెషన్‌కు పదహారో రోజున ఎవరూ లేకపోతే ఆ పదిహేను రోజుల మందూ వృథా.

6. ఈ ఊరి వరకు

డాక్టరు గారి పేరున ఉన్న ఈ నిధి ధర్మకర్తలు ఏటా ఒక ఉపన్యాసం, ఒక పుస్తకం వేస్తున్నారు. సంతోషం. నాదొక మనవి. రెండేళ్ళు ఉపన్యాసం మానెయ్యండి, నన్ను తిట్టుకునే వక్తలు తిట్టుకోనివ్వండి. ఆ డబ్బుతో ఒక రిటైరైన నర్సమ్మను వారానికి రెండు పూటలు పెట్టండి. ఒక ఫోను, ఒక రిజిస్టరు, తొమ్మిది ప్రశ్నల కాగితాలు. ఊళ్ళో డాక్టర్లు తమ రోగి ఒప్పుకుంటే పేరు ఆమెకివ్వాలి. రోగి రాని రోజున ఆమె ఫోను చెయ్యాలి. ఆ రిజిస్టరు ఆమె బీరువాలో తాళం వేసి ఉండాలి, పెళ్ళి సంబంధాలు మాట్లాడేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కు చేసింది. అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చే ఆలోచన వస్తే 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఆ ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే ఆ రాత్రికి దాన్ని పొరుగింటికి చేర్చండి, మాటలన్నీ తరవాత.

మందుల షాపుల సంఘం వారు మూడో వరసలో ఉన్నారని అధ్యక్షులు చెవిలో చెప్పారు. మీతో ఒక మాట. ఆల్ప్రజొలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదనీ, రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలనీ మీకు తెలుసు. చీటీ లేనివాళ్ళను వెనక్కి పంపుతున్నవాళ్ళకు కృతజ్ఞతలు. కానీ ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఉత్తిగా ‘లేదు పో’ అనకండి. సొంతంగా ఆపెయ్యొద్దనీ, మెల్లగా తగ్గించే పద్ధతి ఉందనీ చెప్పి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఒక చీటీ మీద రాసివ్వండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో కనుక్కుని, ఆ బోర్డు మీ కౌంటరు దగ్గర పెట్టండి. బోర్డు ఖర్చు నేనిస్తాను.

ప్రశ్నలకు అరగంట ఉందంటున్నారు. నలుగురిలో అడగలేనివాళ్ళు కాగితం మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.